ఒక్కసారి చుడితే మళ్లీ పిలవరు: డ్రమ్ము శాండర్ పేపరు చిట్కాలు

మీ షెడ్డులోకి డ్రమ్ము శాండర్ వచ్చిందంటే మీకు మంచిరోజులు వచ్చినట్టే. చేత్తో ఉప్పుకాగితం పట్టి రెండ్రోజులు రుద్దే టేబుల్ చెక్కని అది ఒక పూటలో నునుపు చేస్తుందని ఓనరు డబ్బు పోసి కొన్నాడు. మనం చూడాల్సింది అది కాదు. ఈ మెషీనుకి పేపరు మార్చాలి. పేపరు మార్చేటప్పుడు మెషీను ఆగాలి. మెషీను ఆగినప్పుడు షెడ్డు ఆగుతుంది. దీన్ని సరిగ్గా వాడుకున్నవాడికి జీవితంలో వేరే సెలవులు అక్కర్లేదు.

చిన్న మెషీనులో డ్రమ్ము 16 అంగుళాల వెడల్పు ఉంటుంది. ఒక పక్క తెరిచి ఉంటుంది గనక చెక్కని తిప్పి రెండోసారి పంపితే 32 అంగుళాల దాకా లాగిస్తుంది. ఆ డ్రమ్ము మీద 3 అంగుళాల పేపరు పట్టీని ఏటవాలుగా, చుట్టు పక్కన చుట్టుగా చుట్టాలి. బయటి చివర ఒక క్లిప్పు, మోటారు వైపు చివర ఇంకో క్లిప్పు. అంతే పని. చెయ్యి తిరిగినవాడు ఐదు నిమిషాల్లో బిగిస్తాడు.

అక్కడే వాడు చెడిపోయాడు. ఐదు నిమిషాల్లో బిగించినవాణ్ణి ఎవరైనా వదుల్తారా? భోజనం మధ్యలో పిలుస్తారు, పండగరోజు పిలుస్తారు. మీకు ఆ గతి పట్టకూడదు. కింద చెప్పినవి వరసగా చేయండి, దేన్నీ వదలొద్దు.

1. ముందు ప్లగ్గు పీకండి.

స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గే పీకేయండి. ఇందులో రాజీ లేదు. వేళ్లు డ్రమ్ములో పెట్టి చేసే పని, వేళ్లుంటేనే సాయంత్రం పేకాట. పీకిన ప్లగ్గుని చెక్కల దొంతర వెనక్కి జారవిడవండి. పని అయ్యాక దాన్ని బయటికి తీయాలంటే దొంతరంతా దించాలి, ఇద్దరు మనుషులు కావాలి. ఆ ఇద్దరిలో మీరు ఉండకండి. ఎవరైనా గొణిగితే "సేఫ్టీ అండీ" అనండి. ఆ మాటకి ఎదురు చెప్పిన ఓనరు ఇంకా పుట్టలేదు.

2. పాత పట్టీని ఎవరూ చూడకముందే పారేయండి.

పద్ధతి తెలిసినవాళ్లు పాత పట్టీని జాగ్రత్తగా విప్పి, కొత్త రోలు మీద పరిచి, చుట్టూ పెన్సిలుతో గీసి కోస్తారు. ఎందుకంటే పట్టీ చివర్లు తిన్నగా ఉండవు, కోసుగా ఉంటాయి. ఆ కోసు అంచు డ్రమ్ము అంచుతో సమంగా కూర్చోవాలి. 5 అంగుళాల వ్యాసమున్న డ్రమ్ముకి చుట్టుకొలత దాదాపు 15.7 అంగుళాలు. దాదాపు అంత దూరం పట్టీ కొద్దికొద్దిగా సన్నబడుతూ రావాలి. ఈ లెక్కలన్నీ పదో తరగతితోనే వదిలించుకున్నాం, మళ్లీ నెత్తికెత్తుకోవడం దేనికి? పాత పట్టీ కళ్ల ముందు ఉంటే ఎవడో ఒకడు "దీని ప్రకారం కొయ్యి" అంటాడు. లేకపోతే అనలేడు.

కంటికొలతతో కోయండి. ఈ డ్రమ్ముకి ఏడడుగుల పైనే పట్టీ కావాలి, మీరు ఆరడుగులు కోయండి. చాలదు. మంచిదే. దాన్ని పక్కన పెట్టి ఈసారి తొమ్మిదడుగులు కోయండి. మిగిలిన కొసని డ్రమ్ము సందులోకి మడిచి కుక్కితే సరిపోతుంది. ఆరడుగుల ముక్క వృథా అయిందని మాత్రం బెంగ పెట్టుకోకండి, 6వ చిట్కాలో దానికి పనుంది.

3. రోలుని నేలమీద, మంచినీళ్ల కుండ పక్కన ఉంచండి.

గరుకు వెనకున్న కాగితం తేమ పీల్చుకుని వంకర్లు తిరుగుతుంది. వంకర తిరిగిన పట్టీ డ్రమ్ముకి అంటుకోదు. అది మన తప్పు కాదు, వానాకాలానిది.

4. అంచు మీద అంచు ఎక్కించండి.

ఈ చిట్కా ఒక్కటి వంటబడితే మిగతావి లేకపోయినా నెట్టుకురావచ్చు. పద్ధతి ప్రకారం ఒక చుట్టు అంచు పక్క చుట్టు అంచుని తాకీ తాకనట్టు ఆనుకోవాలి, దాని మీదికి ఎక్కకూడదు. అందుకని ఒక చేత్తో డ్రమ్ముని మెల్లగా తిప్పుతూ, ఇంకో చేత్తో పట్టీని బిగువుగా లాగుతూ, చూపు అంచు మీంచి కదపకుండా చుట్టాలి. రెండు చేతులూ పోయాయి, కళ్లూ పోయాయి. ఫోను మోగితే ఎవరు ఎత్తుతారు?

ఎక్కించేయండి. పావంగుళం ఎక్కినా ఫర్వాలేదు, అరంగుళం ఎక్కితే ఇంకా నిశ్చింత. సందు ఎక్కడా కనపడదు, చూసేవాళ్లకి బలంగా చుట్టినట్టే ఉంటుంది. ఒక చేత్తో చుట్టేయొచ్చు, ఇంకో చెయ్యి మీ ఇష్టం.

దీని ఫలితం ఎలా ఉంటుందో తెలుసుకుని ఉండండి, ముందే తెలిస్తే కంగారు ఉండదు. పట్టీ ఒక్కచోటే ఎక్కితే చెక్క పొడుగునా అక్కడొక గాడి పడుతుంది. మొత్తం ఎక్కితే ఆ గట్టు డ్రమ్ము చుట్టూ మెలి తిరిగి ఉంటుంది గనక చెక్క నిండా ఏటవాలు అలలు పడతాయి. బయటికొచ్చిన టేబుల్ చెక్క మీద అరచెయ్యి పెట్టి నిమరండి, ఏమీ తెలియదు. ట్యూబులైటు కింద చూడండి, ఏమీ కనపడదు. కిటికీ పక్క ఓరగా నిలబెడితే మాత్రం సన్నటి నీడలు ఒకదాని వెనక ఒకటి కనపడతాయి. అందుకే కిటికీ పక్క నిలబెట్టకండి. పాలిష్ మొదటి కోటు పడగానే ప్రతి గీతా పైకి తేలుతుంది. అప్పటికి చెక్క మీ చేతుల్లోంచి దాటిపోయి ఉంటుంది. తేలిన గీత పాలిష్ మేస్త్రీది, తేలని గీత మీది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే ఏ షెడ్డులోనైనా బతకొచ్చు.

5. లోపలి క్లిప్పులో కుక్కినంత కుక్కండి.

మోటారు వైపు చివర డ్రమ్ములో ఒక సన్నటి సందు ఉంటుంది. అందులో వేలు పెడితే స్ప్రింగు మీద ఆడే మీట తగుల్తుంది. పద్ధతి ఏమంటుందంటే, ఆ మీటని పూర్తిగా పైకి లేపి, పట్టీ కొసని దూర్చి, వదలాలి. నడిచేకొద్దీ పేపరు వేడెక్కి సాగుతుంది. సాగిన మేరకు స్ప్రింగు కొసని లోపలికి లాక్కుంటూ పట్టీని బిగువుగా ఉంచుతుంది. అలా లాక్కోవడానికి పట్టీ కొసకీ సందు అడుగుకీ మధ్య కాస్త జాగా వదలాలి.

ఆ సందులో వేలు ఇరుకు, మీట జారుతుంది, పైకి పట్టుకుంటే గోరు నొప్పి. ఇంత కష్టం మీకెందుకు? మీటని ముందే అడుగుకి దించేయండి. 2వ చిట్కాలో మిగిలిన పొడుగంతా మడతలు పెట్టి అందులోకి తోయండి. స్ప్రింగుకి లాగడానికి ఏమీ ఉండదు, పాపం దానికీ విశ్రాంతి.

రెండో చెక్క సగం వెళ్లేసరికి మూత కింద టప్, టప్, టప్ అని మొదలవుతుంది. పట్టీ వదులైందన్నమాట. పరిగెత్తకండి, పరిగెత్తేవాణ్ణి చూస్తే తప్పు చేసినవాడిలా ఉంటాడు. మెషీనుకి ఎదురుగా కాకుండా పక్కకి జరిగి, స్విచ్చి దాకా నిదానంగా నడవండి. మీరు చేరేలోపు చప్పుడు ముదిరి, పర్రుమని చీలిక వినపడుతుంది. మూత ఎత్తితే పట్టీ పండగ మర్నాటి తోరణంలా వేలాడుతూ ఉంటుంది. సగం డ్రమ్ముకి, సగం పొట్టు గొట్టంలో. గొట్టంలోకి పోయిన ముక్క తీయడానికి మధ్యాహ్నం అంతా పడుతుంది. అది కూర్చుని చేసే పని, నీడపట్టున చేసే పని. వదులుకోకండి.

6. చిరిగిన చోట టేపు వేయండి.

మాస్కింగ్ టేపు పుట్టిందే ఉప్పుకాగితం ఇంట్లో. 1925లో దాన్ని తయారుచేసిన రిచర్డ్ డ్రూ ఉద్యోగం చేసింది అమెరికాలో ఉప్పుకాగితాలు అమ్మే 3ఎమ్ కంపెనీలో. కార్లకి రంగులేసే షాపులకి కాగితం శాంపిళ్లు తీసుకెళ్లి, అక్కడ పెయింటర్లు రెండు రంగుల మధ్య గీత కోసం పడే తిప్పలు చూసి ఆ టేపు కనిపెట్టాడు. కాబట్టి ఉప్పుకాగితానికి టేపు వేయడానికి మనకి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆరడుగుల ముక్క తీయండి. తెగిన పట్టీకి కలిపి, పైనుంచి నాలుగు పొరల టేపు వేయండి. అడుగున వేస్తే కనపడదు, పైన వేస్తేనే మీరు పడ్డ కష్టం ఓనరు కంట పడుతుంది. టేపు ఉన్నచోట పట్టీ ఎత్తుగా ఉంటుంది, ఆ ఎత్తు తిరిగినప్పుడల్లా చెక్క మీద మచ్చ వేస్తుంది. వేడికి టేపు బంక కరిగి చెక్కకి అంటుతుంది. అంటిన చోట పాలిష్ పట్టదు. చెప్పానుగా, పాలిష్ మనది కాదు.

7. 220 నంబరు బిగించి, మార్చడం మానేయండి.

నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 36 మొరటుది, 220 మెత్తనిది. మంచి పనివాడు 60తోనో 80తోనో మొదలెట్టి, 120, 150 అంటూ మెట్టు మెట్టుగా వెళ్తాడు, మెట్టుకోసారి పేపరు మారుస్తాడు. తెలివిలేని కొత్తవాడు 36 బిగించి అరగంటలో చెక్కని చదును చేసేస్తాడు. చదునవగానే ఖాళీగా కనపడతాడు. ఖాళీగా కనపడగానే ఓనరు ఇంకో పని చెబుతాడు.

220 బిగిస్తే ఈ బాధ లేదు. రంపం గీతలున్న టేకు పలకని దాని కిందికి పంపండి. గీతలు అలాగే ఉంటాయి. మళ్లీ పంపండి. మెషీను మోగుతూనే ఉంటుంది, మీరు పక్కనే నిలబడి ఉంటారు, షెడ్డులో అందరికంటే కష్టపడేది మీరే అనిపిస్తుంది. సాయంత్రానికి పలక మీద పొడుగ్గా నల్లటి చారలు వస్తాయి. మెత్తటి పేపరు పూడుకుపోయి చెక్కని కాల్చిన చారలవి. కస్టమర్ అడిగితే "స్మోక్ ఫినిష్" అనండి. దానికి రేటు ఎక్కువ అని కూడా అనండి.

8. పిడి ఒక్కసారే దించండి.

కొన్ని మెషీన్లలో పిడి పూర్తిగా ఒక చుట్టు తిప్పితే డ్రమ్ము అంగుళంలో 16వ వంతు దిగుతుంది. ఒక విడతకి పావు చుట్టు చాలంటారు, మెత్తటి పేపరైతే అంతకన్నా తక్కువే. ఇలా పావులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. రెండు చుట్లు తిప్పి చెక్కని తోయండి. డ్రమ్ము మూలుగుతుంది, చెక్క బెల్టు మీద ఆగిపోతుంది, ఎమ్‌సీబీ పడిపోతుంది. షెడ్డంతా చీకటి. ఎవరి చేతిలో పని వాళ్లు వదిలి బయటికొస్తారు. టీ చెప్పండి. అంతమందికి ఒకేసారి విశ్రాంతి ఇచ్చినవాడు మీరు.

9. బంక ఆరకముందే పంపండి.

నాలుగు పలకలు అతికించి చేసిన టేబుల్ చెక్క మీద అతుకు వెంబడి బంక బొట్లు ఉబ్బి ఉంటాయి. అవి ఆరాక ఉలితో గీకి పంపాలని పెద్దవాళ్లు అంటారు. పచ్చిగా పంపితే గీకే పనే లేదు, బంకంతా పేపరే తీసుకుంటుంది. తీసుకున్నది మళ్లీ వదలదు. కొత్త పట్టీ మొదటి చెక్కకే అద్దంలా మెరుస్తుంది.

పేపరు శుభ్రం చేయడానికి క్రేపు రబ్బరు కడ్డీ ఒకటి అమ్ముతారు. తిరిగే డ్రమ్ముకి దాన్ని ఆనిస్తే పూడుకున్న పొట్టు రాలి, పట్టీ ఇంకా కొన్నాళ్లు నడుస్తుంది. ఆ కడ్డీని ఆఫీసు తలుపుకి అడ్డం పెట్టండి, గాలికి కొట్టుకోకుండా ఉంటుంది. పేపరుకి ఆయుష్షు పెంచడం వల్ల మనకి ఒరిగేదేమీ లేదు.

10. చెక్క ఒక పక్క పల్చబడితే వాస్తు చెప్పండి.

డ్రమ్ము, కింది బల్ల సమాంతరంగా లేకపోతే వచ్చే చెక్క ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా ఉంటుంది. సరిచేయాలంటే రెండు చివర్లా ఒకే మందం ముక్క పెట్టి చూసుకుంటూ బోల్టులు తిప్పాలి. చొక్కా నల్లబడుతుంది. దానికి బదులు కస్టమర్ ఇంటి దిక్కులు కనుక్కోండి. "సార్, ఈ పల్చటి పక్క ఈశాన్యానికి వచ్చేట్టు వేసుకోండి. ఈశాన్యం పల్లంగా ఉండాలని పెద్దలే చెప్పారు కదా." మన ఊళ్లలో ఈ మాటకి తిరుగులేదు. డైనింగ్ టేబుల్ మీద పులుసు గిన్నె ఈశాన్యానికి జారుతున్నా ఇంట్లో ఒక్కరూ నోరెత్తరు.

11. పొట్టు సంచి ఖాళీ చేయకండి.

నిండిన సంచి మెషీనుకి భారం, మధ్యాహ్నం కునుక్కి దిండు. మెషీనుకన్నా మీ మెడ ముఖ్యం.

12. సాకులు వేళకి తగ్గట్టు వాడండి.

ఒకే సాకు ఇద్దరికి చెప్పకండి. వాళ్లిద్దరూ టీ దగ్గర కలుస్తారు.

ఓనరు "ఏరా, మళ్లీ చిరిగిందా?" అంటే "వోల్టేజీ అండీ, నిన్న రాత్రి నుంచీ డిమ్ముగా వస్తోంది" అనండి. ఆయన కరెంటాఫీసుకి ఫోను చేస్తాడు. ఆ ఫోను కలిసేలోపు సాయంత్రం అయిపోతుంది.

మేస్త్రీతో కరెంటు మాట ఎత్తకండి, ఆయన మోటారు చప్పుడు విని చెప్పేస్తాడు. ఆయనతో "బాబాయ్, ఈసారి మనకి అంటగట్టింది పాత స్టాకు" అనండి. స్టాకు కొన్నది ఓనరు గనక ఆయన ముఖం వెలిగిపోతుంది. లేదా టేకు మీద తోసేయండి. టేకులో నూనె ఉంటుంది, సిలికా ఉంటుంది, ఎంత గట్టి పేపరైనా మొద్దుబారుతుంది. ఇది నిజమే గనక ధైర్యంగా చెప్పొచ్చు. నిజం మనవైపు ఉన్నప్పుడు గొంతు పెంచండి.

కస్టమర్ ఆవిడ గీతలు చూపిస్తే "మేడమ్, మెషీను మీద చేసినట్టు ఉండకూడదని మీకోసం ప్రత్యేకంగా చేయించాం" అనండి. ఆవిడ ఫొటో తీసి చెల్లెలికి పంపుతుంది. ఇంకో ఆర్డరు వస్తుంది. అదొక్కటే ఈ సాకుతో ఉన్న చిక్కు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో గ్యారేజీలో ఇదే మెషీను పెట్టుకున్న మనవాళ్లకి వోల్టేజీ సాకు పనికిరాదు, అక్కడ కరెంటు నికరంగా ఉంటుంది. మీరు "పట్టీ ఆర్డరు పెట్టాను, ఇంకా రాలేదు" అనండి. ఆర్డరు పెట్టకండి. ఇండియా నుంచి వచ్చిన మావగారు "నేను చుడతాను, ఇటివ్వండి అల్లుడుగారూ" అంటే మాత్రం మొహమాటపడకుండా ఇచ్చేయండి. ఆయనకి కాలక్షేపం, మీకు ఆదివారం.

13. పుస్తకం దాచేయండి.

మెషీనుతో వచ్చిన పుస్తకంలో పట్టీ ఎలా చుట్టాలో బొమ్మలు వేసి ఉంటాయి. చదువు రానివాడికి కూడా అర్థమయ్యే బొమ్మలు. షెడ్డులో అంతకన్నా హానికరమైన కాగితం ఇంకోటి లేదు. దాన్ని మీ టిఫిన్ డబ్బా అడుగున వేసుకోండి, నూనె కారకుండా ఉంటుంది.

14. మెషీను మూలకి చేరాక తొందరపడకండి.

ఇవన్నీ శ్రద్ధగా చేస్తే రోలు అయిపోతుంది, ఓనరు ఓపికా అయిపోతుంది. ఒకరోజు "ఇక దీని జోలికి ఎవరూ పోవద్దు" అంటాడు. మెషీను మీద పాత దుప్పటి కప్పుతారు. మర్నాటి నుంచి దాని మీద టీ గ్లాసులు, వార్నిష్ డబ్బా, కేలండరు చేరతాయి. చెక్కలు మళ్లీ చేత్తో రుద్దుతారు. రుద్దమని మిమ్మల్ని అడగరు, "వీడు మెషీను మనిషి" అని పేరు పడిపోయింది కదా. ఈ దశ కొన్ని నెలలు నడుస్తుంది. హాయిగా ఉండండి.

తర్వాత లెక్క చూసి పంపించేస్తారు. బాధపడొద్దు, మిగిలిన 220 ముక్కలు అడిగి తీసుకోండి. అవి ఎవరికీ అక్కర్లేదు గనక ఇస్తారు. పక్క వీధిలో ఇంకో షెడ్డు ఉంటుంది, వాళ్లూ కొత్తగా డ్రమ్ము శాండర్ తెప్పించి ఉంటారు, పేపరు బిగించేవాడు దొరక్క చూస్తూ ఉంటారు. అనుభవం ఎంత అని అడిగితే "ఆ షెడ్డులో డ్రమ్ముకి పేపరు చుట్టింది నేనే" అని చెప్పండి. ఆ రోజే పెట్టుకుంటారు.